కౌంటీ బోర్డుకు పోటీ చేసేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రాధాన్యాలు

అమెరికాలో రాష్ట్రం కింద మన జిల్లాలాంటి పరిపాలనా విభాగాలను కౌంటీలంటారు, అవి మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటి అధికారాలు మాత్రం రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. టెక్సస్‌లో కౌంటీ పాలకవర్గాన్ని కమిషనర్స్ కోర్టు అంటారు, దానికి అధ్యక్షత వహించేది కౌంటీ జడ్జి. న్యూజెర్సీలో ఆ సభ 2021 నుంచి కౌంటీ కమిషనర్ల బోర్డు అయింది. కనెక్టికట్‌లో 1960లోనే కౌంటీ ప్రభుత్వాలను రద్దు చేశారు. కాబట్టి ఎక్కడ పోటీ చేస్తున్నామో చెప్పకుండా కౌంటీ ఎన్నికల గురించి సలహా ఇవ్వడం వల్ల ఎవరికీ ప్రయోజనం ఉండదు. ఇక్కడ వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీని తీసుకుంటున్నాను. వాషింగ్టన్ నగరానికి పడమరగా, 2020 జనగణన ప్రకారం 4,20,000కు పైగా జనాభాతో ఉన్న ఈ కౌంటీలో, ముఖ్యంగా యాష్‌బర్న్, డల్లెస్ ప్రాంతాల్లో, తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడి పాలకవర్గమైన బోర్డు ఆఫ్ సూపర్వైజర్స్‌కు 2023లో ఎన్నికలు జరిగాయి, మళ్లీ 2027 నవంబరులో జరుగుతాయి. పోటీ చేయాలన్న ఆలోచన ఉన్నవారు సిద్ధపడవలసిన కాలం ఇదే.

చాలామంది అభ్యర్థులు ప్రాధాన్యాలు అనగానే తమకు నచ్చిన విషయాల పట్టిక రాసుకుంటారు: మంచి బడులు, తక్కువ పన్నులు, భద్రమైన వీధులు, పచ్చని పరిసరాలు. ఇవి కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకే వీటిని ప్రాధాన్యాలు అనలేం. ఒకదాన్ని ముందు పెట్టానంటే దేన్ని వెనక్కు నెట్టానో కూడా డబ్బు లెక్కతో సహా చెప్పగలగాలి. అలా చెప్పగలిగిన అంశాలు మూడుంటే చాలు, ఎన్నికల ప్రచారం వాటి మీద నడుస్తుంది. ఆ మూడింటిని ఎలా వెతికి పట్టుకోవాలన్నదే ఈ మార్గదర్శి ఉద్దేశం.

ముందు ఆ కుర్చీకి ఉన్న అధికారం తెలుసుకోవాలి

లౌడన్ బోర్డులో తొమ్మిది మంది సభ్యులు. కౌంటీలోని ఎనిమిది ఎన్నికల జిల్లాల నుంచి ఒక్కొక్కరు, కౌంటీ మొత్తం ఓటర్లు ఎన్నుకునే అధ్యక్షులు ఒకరు. పదవీకాలం నాలుగేళ్లు. మన తెలుగు రాష్ట్రాల జిల్లాల్లో కలెక్టరు ప్రభుత్వం నియమించగా వస్తారు, జిల్లా పరిషత్తు వేరుగా ఉంటుంది. ఇక్కడ రోజువారీ పరిపాలన చూసే కౌంటీ అడ్మినిస్ట్రేటరును బోర్డే నియమించుకుంటుంది, బోర్డుకే ఆయన జవాబుదారీ. ఇది విని బోర్డు సభ్యుడికి చాలా అధికారం ఉందనుకోవడం సహజం. అయితే వర్జీనియాలో శాసనసభ ఇచ్చిన అధికారాలు తప్ప కౌంటీకి సొంత అధికారాలు లేవు. చట్టం అనుమతించని పన్ను వేయాలన్నా, అద్దెలకు పరిమితి పెట్టాలన్నా కౌంటీకి కుదరదు.

ఇంటింటికీ తిరిగేటప్పుడు తరచుగా వినిపించే ఫిర్యాదు రోడ్ల గురించి. 1932లో వచ్చిన ఒక చట్టం వల్ల వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలను మినహాయిస్తే, కౌంటీల్లోని రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖ చేతిలో ఉంటుంది. గుంతలు పూడ్చేదీ, మంచు తీసేదీ ఆ శాఖే. కొత్త రోడ్డు నిర్మాణానికి కౌంటీ సొంత డబ్బు పెట్టగలదు, ఏ పని ముందు కావాలో రాష్ట్రానికి చెప్పగలదు, కాలిబాటల్లో ఖాళీలు పూరించగలదు. "గుంతలన్నీ పూడ్పిస్తాను" అని చెప్పే అభ్యర్థి వేరొకరి పనికి తాను మాట ఇస్తున్నట్టే లెక్క.

బడుల విషయం కూడా ఇలాంటిదే. పాఠ్యాంశాలు, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్న హద్దులు, ఉపాధ్యాయుల నియామకాలు స్కూలు బోర్డు పరిధిలోవి. ఆ బోర్డును ప్రజలు వేరుగా ఎన్నుకుంటారు. సూపర్వైజర్లు చేసేది ఆ బోర్డుకు ఎంత డబ్బివ్వాలో తేల్చడం, కొత్త బడుల నిర్మాణానికి నిధులు సమకూర్చడం. పోలీసు విధులు చూసే షెరిఫ్, ప్రాసిక్యూషన్ చూసే కామన్వెల్త్ అటార్నీ, ట్రెజరర్ వంటి పదవులకూ విడిగా ఎన్నికలుంటాయి. లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్ వంటి ఏడు పట్టణాలకు సొంత కౌన్సిళ్లు ఉన్నాయి. ఇక చెత్త డబ్బాలు ఎక్కడ పెట్టాలి, కంచె ఎంత ఎత్తుండాలి అనే గొడవల్లో చాలా భాగం ఇళ్ల యజమానుల సంఘాలకు (హెచ్‌ఓఏలకు) సంబంధించినవి.

ఇవన్నీ పోగా మిగిలేది తక్కువేమీ కాదు: ఆస్తి పన్ను రేటు, వార్షిక బడ్జెట్, భూమిని దేనికి వాడుకోవచ్చో నిర్ణయించే జోనింగ్, పెద్ద నిర్మాణాల ప్రణాళిక, గ్రంథాలయాలు, పార్కులు, అగ్నిమాపక సేవలు, బస్సులు, మానసిక ఆరోగ్య సేవలు, సామాజిక సంక్షేమం. మీరు అనుకున్న ప్రతి అంశం పక్కనా "ఇది ఎవరి చేతిలో ఉంది" అని రాసుకోండి. బోర్డు చేతిలో లేనివాటిని పట్టికలోంచి తీసేయండి. వాటి గురించి ఎవరైనా అడిగితే ఎవరిని కలవాలో చెప్పండి, వీలైతే ఆ శాఖ ఫోను నంబరు కూడా ఇవ్వండి. ఓటరు దాన్ని తప్పించుకోవడంగా భావించరు. విషయం తెలిసిన మనిషి వచ్చారని గుర్తుపెట్టుకుంటారు.

బడ్జెట్ పుస్తకం చదవకుండా ప్రాధాన్యాలు తేలవు

కౌంటీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. అడ్మినిస్ట్రేటరు తన ప్రతిపాదనను ఫిబ్రవరిలో బోర్డు ముందు పెడతారు, ఆ తరువాత పబ్లిక్ హియరింగులు జరుగుతాయి, ఏప్రిల్ మొదట్లో బోర్డు ఆమోదిస్తుంది. బడ్జెట్ పుస్తకం వందల పేజీలు ఉంటుంది, కౌంటీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఒక్కసారిగా చదవనవసరం లేదు. మీ జిల్లాలో జరగబోయే నిర్మాణాలున్న పేజీలు, గత నాలుగేళ్లలో పన్ను రేటు మారిన తీరు, బడులకు బదిలీ అయ్యే మొత్తం, అప్పుల వడ్డీ భారం, ఈ నాలుగూ ముందు చదవండి. సాధారణ నిధిలో అన్నిటికన్నా పెద్ద వాటా బడులకు వెళుతుందన్న సంగతి అక్కడే కనిపిస్తుంది. "బడులకు ఇంకా ఇస్తాను, పన్నూ తగ్గిస్తాను" అన్న మాట ఎంత బరువైనదో అప్పుడు అర్థమవుతుంది.

పన్ను గురించి మాట్లాడేటప్పుడు రేటు వేరు, బిల్లు వేరు అన్న తేడాను అభ్యర్థి క్షుణ్ణంగా తెలుసుకోవాలి. లౌడన్‌లో ఇళ్ల విలువను ఏటా మార్కెట్ ధర ప్రకారం మదింపు చేస్తారు. 2023లో రేటు ప్రతి 100 డాలర్ల విలువకు 87.5 సెంట్లు, 2024లో 86.5 సెంట్లు. ఒక ఇంటి విలువ మొదటి సంవత్సరం 7,00,000 డాలర్లనుకుంటే పన్ను 6,125 డాలర్లు. మరుసటి ఏడు అదే ఇంటి విలువను 7,50,000గా లెక్కిస్తే, రేటు ఒక సెంటు తగ్గినా, కట్టవలసింది 6,487 డాలర్లు దాటుతుంది. "మేం పన్ను తగ్గించాం" అని బోర్డు అనడమూ నిజమే, "నా పన్ను పెరిగింది" అని ఆ ఇంటాయన అనడమూ నిజమే. ఈ రెండో నిజాన్ని పట్టించుకోని అభ్యర్థి మాట ఆ గుమ్మం దగ్గరే చెల్లకుండా పోతుంది.

దీన్నే మరోవైపు నుంచి కూడా చూడాలి. రేటులో ఒక సెంటు అంటే 7,50,000 డాలర్ల ఇంటికి ఏడాదికి 75 డాలర్లు. కౌంటీ ఖజానాకు మాత్రం అది కోటి డాలర్లకు పైమాట. మీరు కోరుకునే పనికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో తెలుసుకుని, దాన్ని సెంట్లలోకి మార్చి చూడండి. గ్రంథాలయం ఆదివారం ఇంకో నాలుగు గంటలు తెరిచి ఉంచాలంటే సెంటులో ఏ చిన్న వంతో సరిపోవచ్చు. ప్రతి ఇళ్ల కాలనీకీ (సబ్‌డివిజన్‌కూ) మెట్రో స్టేషను దాకా పావుగంటకో బస్సు నడపాలంటే ఎన్ని సెంట్లో అవుతుంది. ఈ లెక్క వేసుకున్నాకనే ఏది ముందు, ఏది తరువాత అన్నది నిజాయితీగా తేల్చగలం. కోరికలు ఎన్నైనా ఉండనివ్వండి. సెంట్లు వేసి చూస్తే మూడో నాలుగో మిగులుతాయి.

డేటా సెంటర్ల ప్రశ్నకు సమాధానం లేకుండా బయలుదేరకండి

లౌడన్‌లో మరే విషయమూ దీనంత బలంగా ఓటర్లను కదిలించదు. యాష్‌బర్న్ చుట్టుపక్కల ఉన్నన్ని డేటా సెంటర్లు ప్రపంచంలో మరోచోట లేవని చెబుతారు. వాటిలోని కంప్యూటర్ల మీద కౌంటీ వేసే పన్ను ఆదాయంలో చాలా పెద్ద భాగం. పొరుగు కౌంటీలతో పోలిస్తే ఇక్కడ ఇంటి పన్ను రేటు తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. మరోవైపు, పడకగదిలోకి వినిపించే కూలింగ్ యంత్రాల హోరు, డీజిల్ జనరేటర్లు, ఇళ్ల మీదుగా వెళ్లే హైటెన్షన్ లైన్లు, కిటికీ తెరిస్తే కనిపించే గోడలు, ఇవన్నీ ఆ ఆదాయం వెంట వచ్చినవే. మన తెలుగువారిలో ఎంతోమంది ఆ భవనాల్లో నడిచే సర్వర్ల మీద ఆధారపడిన ఉద్యోగాలే చేస్తూ, ఆ భవనాల పక్కనే కాపురముంటున్నారు కూడా. వారి అభిప్రాయం ఒకవైపుకే మొగ్గి ఉంటుందనుకోవడానికి లేదు.

పొరుగున ఉన్న ప్రిన్స్ విలియం కౌంటీలో 2023 జూన్‌లో ఏం జరిగిందో ప్రతి అభ్యర్థీ తెలుసుకోవాలి. అక్కడి బోర్డు అధ్యక్షురాలు ఆన్ వీలర్ డేటా సెంటర్ల విస్తరణను సమర్థించారు. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో దాన్ని వ్యతిరేకించిన డిషుండ్రా జెఫర్సన్ ఆమెను ఓడించారు. పదవిలో ఉన్నవారిని సొంత పార్టీ ఓటర్లే జోనింగ్ వివాదం మీద దించేశారంటే ఈ అంశం బరువు ఎంతో తెలుస్తుంది. లౌడన్ బోర్డు కూడా 2025 మార్చిలో నియమాలు మార్చింది. అంతకుముందు కొన్ని జోన్లలో బోర్డు ముందుకు రాకుండానే డేటా సెంటరు కట్టుకునే వీలుండేది. ఆ వీలును తీసేసి, కొత్త ప్రతిపాదనలు ప్రత్యేక అనుమతికి, బహిరంగ విచారణకు రావాలని నిర్ణయించింది. దాని ఫలితంగా ఒక్కొక్క దరఖాస్తు మీదా సూపర్వైజరు ఓటు వేయవలసి వస్తుంది. ఏ ప్రమాణాలతో ఓటు వేస్తారని మిమ్మల్ని అడుగుతారు.

ఇక్కడ "నేను డేటా సెంటర్లకు వ్యతిరేకం" అన్నా, "అభివృద్ధికి అనుకూలం" అన్నా చాలదు. ఇళ్లకు ఎంత దూరం ఉండాలి, శబ్దాన్ని ఎక్కడ కొలవాలి, సబ్‌స్టేషన్ ఎక్కడ వస్తుందో ముందే చెప్పాలా, మెట్రో స్టేషన్ల పక్కనున్న భూమిని ఇళ్లకూ దుకాణాలకూ ఉంచాలా అన్నవి చెప్పండి. విద్యుత్ లైన్ల మార్గానికి అనుమతిచ్చేది రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్, కౌంటీ కాదు. అందువల్ల లైను ఆపుతానని మాట ఇవ్వకండి, ఆ లైను అవసరం తెచ్చిపెట్టే దరఖాస్తు మీద ఎలా ఓటు వేస్తారో చెప్పండి. అంతకన్నా ముఖ్యమైనది, ఆదాయం ఒకే పరిశ్రమ మీద ఆధారపడితే వచ్చే ప్రమాదం. కంప్యూటర్ల విలువ ఏటా తరుగుతుంది, కంపెనీలు కొత్త పరికరాలు ఎప్పుడు పెడతాయో కౌంటీ చేతిలో లేదు. ఆ సొమ్మును ఏటేటా ఉండే జీతాలకు వాడాలా, ఒకసారి ఖర్చుపెట్టి వదిలేసే నిర్మాణాలకు వాడాలా అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఉన్న అభ్యర్థిని కౌంటీ ఉద్యోగులు కూడా గౌరవిస్తారు. నా మటుకు నాకు, నిలకడ లేని ఆదాయంతో నిలకడైన ఖర్చులు పెట్టకూడదన్న నియమాన్ని మూడు ప్రాధాన్యాల్లో ఒకటిగా రాసుకోవచ్చనిపిస్తుంది. అది పాంప్లెట్ మీద అందంగా కనిపించకపోయినా, నాలుగేళ్లూ పనికొస్తుంది.

గుమ్మం దగ్గర వినే పద్ధతి

ప్రాధాన్యాలను బడ్జెట్ పుస్తకం నుంచి సగం, ఓటర్ల నోటి నుంచి సగం తీసుకోవాలి. రెండోది జరగాలంటే కరపత్రాలు అచ్చు వేయించక ముందే తిరగాలి. చేతిలో కరపత్రం ఉంటే మనం మాట్లాడతాం. నోట్‌బుక్ ఉంటే వాళ్లు మాట్లాడతారు. "మీకు ఏం కావాలి" అని అడిగితే చాలామంది పన్నులు, ట్రాఫిక్ అని ఊరుకుంటారు. "పోయిన వారంలో ఈ కౌంటీలో మిమ్మల్ని చికాకు పెట్టిన పని ఒకటి చెప్పండి" అని అడిగితే అసలు విషయం బయటికొస్తుంది.

ఉదాహరణకు ఒక టౌన్‌హోమ్ ముందు గుంటూరు నుంచో ఖమ్మం నుంచో వచ్చి కొడుకు దగ్గరుంటున్న పెద్దాయన తలుపు తీశారనుకోండి. "నాకిక్కడ ఓటు లేదు నాయనా, కానీ ఆ బస్టాపు దాకా నడవడానికి దారి లేదు" అంటారాయన. మీరు ఆయనతో కలిసి అక్కడిదాకా నడిచి చూడండి. కాలిబాట రెండు వందల అడుగులు బాగానే ఉండి, ఒక ఖాళీ స్థలం మొదలయ్యే చోట హఠాత్తుగా ఆగిపోతుంది. అవతల గడ్డిలో నడిచి నడిచి పడిన సన్నని మట్టి జాడ, దాని చివర మళ్లీ కాంక్రీటు, తరువాత బస్టాపు. అలా ఎందుకయిందో కనుక్కోండి. ఇక్కడ కాలిబాటలు సాధారణంగా ఆ స్థలాన్ని అభివృద్ధి చేసే బిల్డరు వేస్తారు. ఆ ఖాళీ స్థలంలో ఇంకా ఎవరూ కట్టలేదు కాబట్టి బాట అక్కడ తెగిపోయింది. భూమి జోనింగును మార్చే (రీజోనింగ్) సమయంలో బిల్డర్లు రాసిచ్చే హామీలను ప్రాఫర్లు అంటారు. ఆ స్థలానికి అలాంటి హామీ ఉందో లేదో కౌంటీ ప్లానింగ్ రికార్డుల్లో చూడవచ్చు. ఉంటే ఎప్పుడు అమలు కావాలో అడగవచ్చు. లేకపోతే కౌంటీ సొంత నిధులతో పూరించాలి, దానికి రోడ్డు పక్క స్థలం విషయంలో రాష్ట్ర రవాణా శాఖ అంగీకారం కావాలి.

ఒక్క బస్టాపు కోసం ఇంత దూరం వెళ్లడం ఎందుకని అనిపించవచ్చు. మీ జిల్లాలో అలా తెగిపోయిన బాటలు ఎన్ని ఉన్నాయో వరుసగా నడిచి గుర్తిస్తే, బడి, బస్సు, గ్రంథాలయం దారుల్లో ఉన్నవాటిని వేరు చేస్తే, మీ దగ్గర ఒక నిజమైన ప్రాధాన్యం తయారవుతుంది: పటంతో, ఖర్చు అంచనాతో, ఏది మొదట చేయాలన్న క్రమంతో. 2022 నవంబరు 15న మెట్రో సిల్వర్ లైను యాష్‌బర్న్ దాకా వచ్చింది. స్టేషనుకు కారు లేకుండా చేరలేనివారికి ఆ రైలు వల్ల కలిగే మేలు సగమే. డ్రైవింగ్ రాని పెద్దవాళ్లు, హైస్కూలు పిల్లలు, ఒకే కారుతో గడిపే కుటుంబాలు మన ఇళ్లలో ఎక్కువ. ఈ బాధ మనకు దగ్గరగా తెలుసు. అదే బాధ తన పనివేళలకు బస్సు దొరకని, ఎల్ సాల్వడోర్ దేశం నుంచి వచ్చిన కార్మికుడికీ, చక్రాల కుర్చీలో ఉన్న మాజీ సైనికుడికీ ఉంది. మన ఇంట్లో చూసిన కష్టాన్ని అందరి కష్టంగా చెప్పగలగడం అభ్యర్థికి చాలా అవసరం.

ఐదు ఓట్లు

తొమ్మిది మంది ఉన్న బోర్డులో ఏ పని జరగాలన్నా ఐదు ఓట్లు కావాలి. మీకు ఉండేది ఒక్క ఓటు. మీ జిల్లాకు మాత్రమే మేలు చేసే పనికి మిగతా నలుగురు ఎందుకు చేయి ఎత్తుతారో ముందే ఆలోచించండి. తూర్పు లౌడన్ అంతా టౌన్‌హోమ్‌లు, అపార్టుమెంట్లు, డేటా సెంటర్లు. పడమర భాగం పొలాలు, గుర్రాల మేతభూములు, ద్రాక్షతోటలు, మట్టిరోడ్లు. పడమటి సభ్యులకు వ్యవసాయ భూమి కాపాడుకోవడం ముఖ్యం, తూర్పు సభ్యులకు బడుల గదులు, రద్దీ ముఖ్యం. ఇళ్ల ధరలు అందుబాటులో ఉండాలంటే ఎక్కడో ఒకచోట ఎక్కువ ఇళ్లు రావాలి. అవి మెట్రో దగ్గర వస్తే పడమటి పొలాల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇలా రెండు ప్రాంతాలకూ పొసిగే ప్రాధాన్యాలకు ఐదు ఓట్లు దొరికే అవకాశం ఉంటుంది. కౌంటీ 2021లో ఆమోదించిన గృహ అవసరాల వ్యూహ పత్రాన్ని చదివితే బోర్డు ఇప్పటికే ఏం ఒప్పుకుందో తెలుస్తుంది. ఒప్పుకున్నదాన్ని అమలు చేయించడం కొత్తది ఒప్పించడం కన్నా తేలిక.

అందుకే పోటీకి ఒకటి రెండేళ్ల ముందే బోర్డు సమావేశాలకు వెళ్లడం మొదలుపెట్టాలి. పబ్లిక్ కామెంట్ సమయంలో మాట్లాడండి. అంతకన్నా ఎక్కువగా వినండి. ప్లానింగ్ కమిషన్, గ్రంథాలయ బోర్డు, పార్కుల బోర్డు వంటి సలహా సంఘాల్లో స్థానాలు ఖాళీ అయినప్పుడు దరఖాస్తు చేసుకోండి. హైదరాబాదులో పుట్టి 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరైన అరుణా మిల్లర్, రాజకీయాల్లోకి రాకముందు మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజనీరుగా పనిచేశారు. కౌంటీలో ఒక పని ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో లోపలి నుంచి తెలియడం ఎంత బలమో అలాంటివారి ప్రస్థానం చూస్తే అర్థమవుతుంది. అందరికీ అలాంటి ఉద్యోగం ఉండదు. సలహా సంఘంలో రెండేళ్లు కూర్చుంటే అందులో కొంతైనా పట్టుబడుతుంది.

మనవాళ్ల మద్దతు, దాని హద్దులు

తెలుగు అభ్యర్థికి మొదటి వాలంటీర్లు, మొదటి విరాళాలు సాధారణంగా మనవాళ్ల నుంచే వస్తాయి. ఇక్కడ చట్టం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. అమెరికా పౌరులు గానీ గ్రీన్‌కార్డు ఉన్నవారు గానీ కానివారు ఏ ఎన్నికలోనూ, కౌంటీ ఎన్నికలో సైతం, విరాళం ఇవ్వకూడదని కేంద్ర చట్టం చెబుతోంది. హెచ్1బి మీద ఉన్న మిత్రుడు అభిమానంతో 50 డాలర్లు ఇచ్చినా తీసుకోకూడదు. ఆయన జీతం లేకుండా వాలంటీరుగా పనిచేయవచ్చు, ఫోన్లు చేయవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వవచ్చు గానీ ఓటు వేయకూడదు, నామినేషన్ పిటిషన్ మీద సంతకం చేయకూడదు. పౌరసత్వం లేకుండా ఓటరుగా నమోదు కావడం, ఓటు వేయడం దేశం నుంచి పంపించేసేంత పెద్ద నేరం. కాబట్టి ఓటరు నమోదు బల్ల దగ్గర కూర్చునే మీ వాలంటీర్లకు ఈ సంగతి నాలుగుసార్లు చెప్పండి. ఉత్సాహం కొద్దీ వాళ్లు ఎవరి చేతైనా ఫారం నింపిస్తే నష్టపోయేది ఆ కుటుంబం.

పన్ను మినహాయింపుతో ధార్మిక, సేవా సంస్థలుగా నమోదైన గుడులూ తెలుగు సంఘాలూ అభ్యర్థులను సమర్థించకూడదన్న నిబంధన 1954 నుంచి ఉంది. ఉగాది సభలో వేదిక మీదికి పిలిచి "మనవాడికే ఓటు వేయండి" అని మైకులో చెప్పించుకోవడం ఆ సంస్థకు ఇబ్బంది తెస్తుంది. ఆవరణ బయట, విడిగా, ఎవరి ఇంట్లోనో కలుసుకోవచ్చు. ఇంకొక మాట కూడా చెప్పాలి: ఒక్క తెలుగు ఓట్లతో ఏ జిల్లాలోనూ గెలవలేరు. మనవాళ్ల గ్రూపుల్లో ఒక మాట, బయట మరో మాట చెప్పే అవకాశం కూడా లేదు; ప్రతి వాట్సాప్ సందేశమూ అందరికీ చేరుతుందనుకునే రాయాలి.

విరాళాల విషయంలో వర్జీనియా చట్టం రాష్ట్ర, స్థానిక ఎన్నికలకు పరిమితి పెట్టలేదు. ఇవ్వడానికి అర్హులైనవారు ఎంతైనా ఇవ్వవచ్చు, కాకపోతే లెక్క బహిరంగంగా చూపాలి. అలాంటప్పుడు పరిమితి మీరే పెట్టుకోవాలి. భూమి రీజోనింగ్ కోసం మీ ముందుకు రాబోయే బిల్డర్ల నుంచి, డేటా సెంటర్ కంపెనీల నుంచి డబ్బు తీసుకోనని మొదటి రోజే ప్రకటించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. దానివల్ల ప్రచారానికి డబ్బు తగ్గుతుంది, కానీ ఆ తరువాత వేసే ప్రతి ఓటుకూ విలువ ఉంటుంది.

కాగితాలు, గడువులు

ఇందులో ఆలోచించవలసింది తక్కువ, తప్పకుండా చేయవలసింది ఎక్కువ. ఎన్నికకు ముందు ఏడాది కాలం వర్జీనియాలో నివసించి ఉండాలి, మీరు పోటీ చేసే జిల్లాలో ఓటరై ఉండాలి. పిటిషన్ మీద ఆ జిల్లాకు చెందిన 125 మంది ఓటర్ల సంతకాలు కావాలి. ఎన్నికల సంవత్సరం జనవరి 1 కన్నా ముందు తీసుకున్నవి చెల్లవు. పాత చిరునామాల వల్ల, పక్క జిల్లావాళ్లు సంతకం చేయడం వల్ల కొన్ని కొట్టివేస్తారు కనుక 200 దాకా తీసుకోండి. సంతకాలు సేకరించినవారు వాటికి తామే సాక్షులమని నోటరీ ముందు ప్రమాణం చేయాలి. స్వతంత్రంగా నిలబడేవారికి గడువు జూన్ మూడో మంగళవారం సాయంత్రం ఏడు గంటలు. పార్టీ ప్రైమరీ ద్వారా వచ్చేవారికి గడువు అంతకన్నా ముందుంటుంది. ప్రచార ఖాతాకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఒక ట్రెజరర్‌ను పెట్టుకోవాలి. ఆస్తులు, ఆర్థిక ప్రయోజనాలు తెలిపే పత్రం కూడా దాఖలు చేయాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు పార్టీ అభ్యర్థులు పాల్గొనే ఎన్నికల్లో పోటీ చేయకూడదని హ్యాచ్ చట్టం చెబుతుంది. అయితే వాషింగ్టన్ చుట్టూ ఉన్న కొన్ని ప్రాంతాలకు, వాటిలో లౌడన్‌కు కూడా, మినహాయింపు ఉంది: అక్కడ స్థానిక పదవులకు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడవచ్చు. అలాంటి ఉద్యోగంలో ఉన్నవారు తమ కార్యాలయ నీతి విభాగంతో రాతపూర్వకంగా ఖరారు చేసుకున్నాకనే ప్రకటన చేయాలి.

మూడు వాక్యాలు రాయడం

ఇన్నాళ్లూ విన్నవి, చదివినవి ఒకచోట పెట్టుకుని, ప్రతి అంశాన్నీ కొన్ని ప్రశ్నలు వేసి వడపోయండి. ఇది బోర్డు చేతిలో ఉందా? ఖర్చు సెంట్లలో ఎంత? ఆ సెంట్లు దేని నుంచి వస్తాయి? నాలుగేళ్లలో కంటికి కనిపించే మార్పు వస్తుందా? ఐదు ఓట్లు దొరుకుతాయా? అన్నిటికీ సమాధానం దొరికినవాటిలో మీ జిల్లా ప్రజలు ఎక్కువసార్లు చెప్పిన మూడింటిని తీసుకోండి. నాలుగోది ఎంత ప్రియమైనదైనా పక్కన పెట్టండి.

వాక్యాలు ఇలా ఉండాలి: "బడులకు, బస్టాపులకు వెళ్లే దారుల్లో తెగిపోయిన కాలిబాటలను ముందు పూరించడానికి ఏటా నిధి కేటాయిస్తాను, అందుకోసం కొత్త క్రీడా మైదానాన్ని రెండేళ్లు వాయిదా వేయడానికి ఓటు వేస్తాను." ఆ రెండో సగాన్ని చదివి కొందరు నొచ్చుకుంటారు. క్రీడా మైదానం కోరుకునే తల్లిదండ్రులు మీ సభకు వచ్చి నిలదీస్తారు. వాళ్లకు బడ్జెట్ పేజీ చూపించి జవాబు చెప్పండి. వాళ్ల వాదన మీ వాదన కన్నా బలంగా ఉంటే వాక్యాన్ని మార్చుకోండి, మార్చినట్టు బహిరంగంగా చెప్పండి. ప్రచారానికి ఆరు నెలల ముందే ఈ వాక్యాలు బయట పెట్టాలని చెప్పేది ఇందుకే.

ఇక ఓటర్ల జాబితా. దేశాధ్యక్ష ఎన్నికలు లేని ఏడాది కావడంతో కౌంటీ ఎన్నికలకు వచ్చేవారు చాలా తగ్గిపోతారు. ఎవరు ఏ ఎన్నికల్లో ఓటు వేశారన్న జాబితాను రాష్ట్ర ఎన్నికల శాఖ అభ్యర్థులకు రుసుము తీసుకుని ఇస్తుంది. 2019లోనూ 2023లోనూ వచ్చినవారి తలుపు ముందు తట్టండి. దేశాధ్యక్ష ఎన్నికలకు మాత్రమే వచ్చే మనవాళ్లకు ముందస్తు ఓటింగ్ 45 రోజులు ఉంటుందని, కారణం చెప్పనవసరం లేదని విడిగా చెప్పండి.

గెలిస్తే పదవీకాలం జనవరి 1న మొదలవుతుంది. నెలా రెండు నెలల్లోపే అడ్మినిస్ట్రేటరు బడ్జెట్ ప్రతిపాదన మీ బల్ల మీదికి వస్తుంది, ఏప్రిల్‌లో మీరు దాని మీద ఓటు వేయాలి. ఆ ప్రతిపాదనను సిబ్బంది శరదృతువులోనే తయారు చేయడం మొదలుపెడతారు కాబట్టి, నవంబరులో ఫలితాలు వచ్చిన వారమే అడ్మినిస్ట్రేటరును కలవడానికి సమయం అడగండి. మీ మూడు వాక్యాల కాగితం, తెగిపోయిన బాటల పటం, సెంట్ల లెక్క వెంట తీసుకెళ్లండి. వాటిలో ఏది ఈ ఏడాది బడ్జెట్‌లో పట్టుతుందో, ఏది వచ్చే ఏడాదికి ఆగాలో అక్కడే అడిగి రాసుకోండి.